శిథిల భవనం ఫైలుకి పదేళ్ళు చాలవు: ఒక మున్సిపల్ రికార్డు రూమ్ సర్దిన కేసు

గోదావరి జిల్లాల్లో ఒక మున్సిపాలిటీలో నేను మేనేజర్‌గా ఉన్నప్పుడు చేసిన పని ఇది. రికార్డు రూమ్‌లో ఏళ్ళ తరబడి పేరుకుపోయిన సేఫ్టీ ఫైళ్ళు, అంటే శిథిల భవనాల నోటీసులు, డీ అండ్ ఓ లైసెన్సులు (ప్రమాదం, ఇబ్బంది కలిగించే వ్యాపారాలకి ఇచ్చేవి), ఫైర్ ఎన్ఓసీ (ఫైర్ డిపార్ట్‌మెంట్ ఇచ్చే అనుమతి) కాపీలు, దీపావళి షాపుల పర్మిషన్లు, కుక్కకాటు రిజిస్టర్లు, కుళాయి నీళ్ళలో క్లోరిన్ చూసిన పుస్తకాలు, వరదలప్పుడు షెల్టర్లలో ఉన్నవాళ్ళ లిస్టులు, వీటిల్లో కాలం చెల్లినవి ఏవి ఉంచాల్సినవి ఏవి అని తేల్చి, తీసేయాల్సినవి పద్ధతిగా తీసేశాం. 2024 జనవరిలో మొదలుపెడితే నవంబరు దాకా పట్టింది, మధ్యలో ఎలక్షన్ డ్యూటీలకి రెండు నెలల పైనే పోయాయి. మున్సిపాలిటీల్లో, పంచాయతీల్లో పనిచేసేవాళ్ళు చాలామంది ఈ పని ఎలా చేశారండీ అని అడుగుతుంటారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నా, ఊరి పేరు మాత్రం రాయను.

అసలు ఈ పని ఎందుకు నెత్తినేసుకున్నామో చెప్పాలి. 2023 డిసెంబరులో ఒకరోజు సాయంత్రం మా శానిటరీ ఇన్‌స్పెక్టర్ బజ్జీలు తెప్పించారు, పొట్లం విప్పితే ఆ కాగితం మా ఆఫీసుదే, ఇన్‌వర్డ్ స్టాంపు కూడా ఉంది. మా పక్కింట్లో టపాసులు దాచిపెట్టారు, మాకు పిల్లలున్నారు, భయంగా ఉంది, మా పేరు బయటికి రానివ్వొద్దు అని ఒకావిడ చేత్తో రాసుకున్న అర్జీ. నూనె మరకల మధ్య ఆవిడ పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు అన్నీ శుభ్రంగా చదవొస్తున్నాయి. విచారిస్తే తేలిందేంటంటే, వర్షానికి తడిచిన రెండు మూటల్ని ఎవరూ పట్టించుకోవట్లేదని మావాళ్ళలోనే ఒకరు పాత పేపర్లతని బండి మీద వేసేశారు. కావాలని చేసిన తప్పు కాదు, తడిచిన చెత్త తీసేశాననుకున్నాడు పాపం. కానీ ఆ ఆవిడ మమ్మల్ని నమ్మి రాసిన కాగితం అది, ఆ పక్కింటాయనే ఆ బజ్జీల కొట్టు దగ్గర బజ్జీలు కొనుక్కుని ఉంటే ఏమయ్యేది? ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. ఆ పొట్లం కాగితాన్ని ఆరబెట్టి కమిషనర్ గారి టేబుల్ మీద పెట్టాను, మర్నాడే పనికి ఆర్డరు వచ్చింది.

రికార్డు రూమ్ అంటే మెట్ల కింద గది, దాని వెనకాల రేకుల షెడ్డు. ఇనప ర్యాకులు, ఎర్రగుడ్డ మూటలు. 2022 జూలై వరదకి గోడలు పట్టిన చెమ్మ ఇంకా వదల్లేదు, కింది వరస మూటల్లో సగం చెదలు తినేసింది, ట్యాగు పట్టుకుని లాగితే ట్యాగు ఒక్కటే చేతికొచ్చేది. కన్యాకుమారి నుంచి కలకత్తా దాకా ఏ ఆఫీసుకెళ్ళినా ఇలాగే ఉంటుందిలే అని సరిపెట్టుకోవడం మాకూ అలవాటే, అందుకే ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు.

ముందు రూల్స్ సంగతి. మన ఆఫీసుల్లో ఫైలు క్లోజ్ చేసేటప్పుడే దాని ఆయుష్షు రాసేస్తాం, డిస్ట్రిక్ట్ ఆఫీస్ మాన్యువల్ నుంచి వచ్చిన పద్ధతి: ఎల్.డిస్ అంటే 1 ఏడాది, కె.డిస్ అంటే 3 ఏళ్ళు, డి.డిస్ అంటే 10 ఏళ్ళు, ఆర్.డిస్ అంటే శాశ్వతం. కొత్తగా చేరిన పిల్లలకి ఈ నాలుగూ తెలియవు, ఫైళ్ళు కంప్యూటర్లో నడిపే ఈ-ఆఫీస్ వచ్చాక ఎవరూ నేర్పట్లేదు కూడా. రెండు చోట్ల మాత్రం అనుభవం ఉన్నవాళ్ళు కూడా తప్పులో కాలేస్తారు. ఒకటి, గడువు ఫైలు మొదలైన ఏడాది నుంచి లెక్కేస్తారు, ఫైలు నంబరు చివర 98 అని ఉంది కదా, 2008కి అయిపోయింది అనేస్తారు. అలా కాదు, ఫైలు క్లోజ్ అయిన తేదీ నుంచి లెక్క. 98లో పుట్టిన ఫైలు కోర్టులో నలిగి నలిగి 2016లో క్లోజ్ అయితే దాని పదేళ్ళు 2026కి. కాబట్టి పర్సనల్ రిజిస్టర్ (ఒక్కో గుమాస్తా తన ఫైళ్ళ వివరాలు రాసుకునే పుస్తకం) తీసి క్లోజింగ్ తేదీ చూడకుండా మూట విప్పొద్దు. రెండోది, భయం. ఎందుకొచ్చిన గొడవ అని ప్రతిదానికీ ఆర్.డిస్ కొట్టేయడం. మా రూమ్‌లో ఒక ఏడాది దీపావళి షాపులకి కుర్చీలు, షామియానా అద్దెకి తెచ్చిన బిల్లు కరెస్పాండెన్సు కూడా ఆర్.డిస్‌లో ఉంది. ఇలా అన్నీ శాశ్వతం చేసేస్తే నిజంగా శాశ్వతంగా ఉండాల్సిన కాగితం వాటి కింద పడి చెదలకి పోతుంది, మా దగ్గర అక్షరాలా అదే జరిగింది.

పబ్లిక్ రికార్డ్స్ యాక్ట్ 1993 గురించి కూడా అడుగుతారు. అది కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకీ కేంద్రపాలిత ప్రాంతాలకీ, మన మున్సిపాలిటీకి నేరుగా వర్తించదు. కానీ అందులో ఒక మాట నాకు బాగా నచ్చుతుంది, 1892కి ముందు పుట్టిన రికార్డు ఏదైనా సరే పూర్తిగా పాడైపోతే తప్ప ధ్వంసం చేయకూడదు అని ఉంటుంది. భీమునిపట్నంలో 1861లోనే మున్సిపాలిటీ ఏర్పడింది, అలాంటి ఊళ్ళలో పనిచేసేవాళ్ళు చట్టం మనకి వర్తిస్తుందా లేదా అని చూడకుండా ఆ గీత పాటించాలని నా అభిప్రాయం. మాకైతే అంత పాతవి లేవు.

ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) విషయంలో ఇంకో అపోహ ఉంది. 20 ఏళ్ళు దాటిన సమాచారం ఇవ్వక్కర్లేదు కాబట్టి ఆ ఫైళ్ళు తీసేయొచ్చు అని చాలామంది అనుకుంటారు. ఆర్టీఐ చట్టం 8(3) చెప్పేది దానికి పూర్తిగా తిరగేసి, 20 ఏళ్ళు దాటాక ఇవ్వకుండా ఉండడానికి మనం చెప్పుకునే మినహాయింపుల్లో చాలావరకు పనిచేయవు, ఉన్నది ఇవ్వాలి. ఎన్నాళ్ళు ఉంచాలో అది చెప్పదు. ఇక ఎవరైనా అడిగిన సమాచారాన్ని అడిగాక ధ్వంసం చేస్తే సెక్షన్ 20 కింద 25,000 దాకా పెనాల్టీ, అదీ ఆఫీసరు జేబులోంచి. అందుకని మొదటి వారం మేం మూటల జోలికే పోలేదు, పెండింగ్ ఆర్టీఐ రిజిస్టరు, కోర్టు కేసుల రిజిస్టరు, ఆడిట్ అభ్యంతరాలు, కాల్ బుక్, ఈ నాలుగూ ముందేసుకుని, ముట్టుకోకూడని ఫైళ్ళతో ఒక హోల్డ్ లిస్టు రాశాం. కాల్ బుక్ చూడడం చాలామంది మర్చిపోతారు, స్టే ఉందనో పైనుంచి ఆర్డరు రావాలనో పక్కన పెట్టిన ఫైళ్ళన్నీ అందులోనే ఉంటాయి, బయటికి చచ్చిన ఫైల్లా కనిపిస్తుంది కానీ ప్రాణం ఉంటుంది. ఆ లిస్టులో ఉన్న ఫైలు ఏ మూటలో కనపడినా ఎర్ర ట్యాగు కట్టి బీరువాలో పెట్టేయడమే, దాని మీద చర్చ లేదు.

తర్వాత కౌన్సిల్ హాలు ఖాళీగా ఉన్న రోజులు చూసుకుని నేల మీద సుద్దముక్కతో గళ్ళు గీసి మూటలు విప్పడం మొదలుపెట్టాం. నేను, రికార్డ్ అసిస్టెంట్ గారు, టౌన్ ప్లానింగ్ నుంచి ఒకరు, శానిటేషన్ నుంచి ఒకరు, ఇద్దరు అటెండర్లు. మాస్కు, గ్లౌజు లేకుండా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, ఆ దుమ్ముకి మొదటి రోజే ఒకరికి ఆయాసం వచ్చింది. 3 వేల పైచిలుకు ఫైళ్ళు. రోజుకి వంద చూస్తే గొప్ప.

దీపావళి షాపుల ఫైళ్ళు సులువు. ఏ ఏడుకా ఏడు గ్రౌండులో షాపుల లేఅవుట్, ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్ ప్రకారం షాపుకీ షాపుకీ 3 మీటర్లు, ఎదురెదురు పెట్టకూడదు, ఒకచోట 50కి మించకూడదు, ఇవి చూసినట్టు సంతకాలు. సీజన్ అయిపోయి ఆడిట్ కూడా అయిపోయాక దాంతో పని లేదు. ఒక్కటి మాత్రం ఆపాం, ఒక ఏడు షాపుల్లో మంటలొచ్చిన ఫైలు. దాన్ని కూడా మిగతావాటితో కలిపి ఎల్.డిస్‌లో పడేశారు, అందులో ఏ షాపు నుంచి ఏ షాపుకి అంటుకుంది, ఫైరింజన్ లోపలికి రావడానికి ఎటువైపు దారి లేకపోయింది అని చేత్తో గీసిన బొమ్మ ఉంది. గ్రౌండు అదే, షాపులు ఇప్పటికీ అక్కడే పెడుతున్నారు, గేటు కూడా మారలేదు. ఆ బొమ్మ కాపీ తీసి టౌన్ ప్లానింగ్ వాళ్ళకీ ఫైర్ స్టేషన్‌కీ ఇచ్చాం, ఆ ఏడు అక్టోబరులో లేఅవుట్ గీసేటప్పుడు ఫైరింజన్ దారి రెండో వైపు నుంచి వదిలారు.

డీ అండ్ ఓ లైసెన్సులు, అంటే టింబర్ డిపోలు, వెల్డింగ్ షాపులు, రైస్ మిల్లులు, ఐస్ ఫ్యాక్టరీలు, గ్యాస్ గోడౌన్లు. మామూలు రెన్యూవల్ కాగితాలకి మూడేళ్ళు చాలు, డబ్బు కట్టిన లెక్క ఎలాగూ వేరే రిజిస్టర్లో ఉంటుంది. కానీ ఫిర్యాదు ఉన్నవి, ఇన్‌స్పెక్షన్‌లో లోపం రాసినవి వేరు తీశాం. ఒక ఐస్ ఫ్యాక్టరీ మీద అమ్మోనియా వాసన వస్తోందని వీధివాళ్ళు వేర్వేరు ఏళ్ళలో నాలుగు సార్లు రాశారు, నాలుగు అర్జీలూ నాలుగు ఫైళ్ళు అయ్యాయి, నాలుగూ విడివిడిగా క్లోజ్ అయ్యాయి. పక్కపక్కన పెడితే కానీ అది ఒకే కథ అని తెలీదు. నాలుగూ కలిపి కుట్టి పైకి పంపాం.

క్లోరిన్ పుస్తకాలు: కుళాయి చివర నీళ్ళలో లీటరుకి 0.2 మిల్లీగ్రాములైనా క్లోరిన్ మిగిలి ఉండాలి, ఓటీ సొల్యూషన్ (క్లోరిన్ పరీక్షించే మందు) రెండు చుక్కలేస్తే పసుపు రంగు రావాలి, ఆ లెక్క రోజూ రాస్తారు. ఏ వీధిలోనైనా విరేచనాలు మొదలైతే అందరికంటే ముందు అడిగేది ఈ పుస్తకమే. మేం మూడేళ్ళు దాటినవి తీసేశాం, జ్వరాలూ విరేచనాలూ వచ్చిన నెలలున్న పుస్తకాలు మాత్రం వదల్లేదు.

ఇక అసలు విషయానికొస్తా, శిథిల భవనాలు. ఈ కేసు మొత్తంలో నేను నేర్చుకున్నది ఇక్కడే.

మేలో మళ్ళీ పని మొదలెట్టాక ఒక మూటలో శిథిల భవనాల నోటీసుల ఫైళ్ళు నలభై దాకా వచ్చాయి, అన్నీ డి.డిస్, అన్నీ పదేళ్ళు దాటేశాయి, హోల్డ్ లిస్టులో ఒక్కటీ లేదు. రూలు ప్రకారం అన్నీ తీసేయొచ్చు, లిస్టు టైపు కూడా అయిపోయింది, నా సంతకమే తరవాయి. రికార్డ్ అసిస్టెంట్ గారు ఒక ఫైలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. “మేడమ్, ఇది మార్కెట్ వెనకాల మేడ కదండీ, నిన్న కూడా దాని కింద బండి ఆపి కూరగాయలు కొన్నాను” అన్నారు. 1998లో ఇచ్చిన నోటీసు. రెండంతస్తుల సున్నపు గచ్చు మేడ, పిట్టగోడ పగిలింది, వీధి వైపు వరండా ఏ క్షణమైనా కూలొచ్చు, ఏడు రోజుల్లో దించేయాలి అని. యజమాని రిపేరు చేయిస్తానని రాసిచ్చాడు, గడువు ఇచ్చారు, తర్వాత ఇంకో గడువు ఇచ్చారు, తర్వాత ఆ సీటులో గుమాస్తా మారారు, 2004లో ‘తదుపరి చర్య అవసరం లేదు’ అని ఒక్క లైను రాసి మూసేశారు.

ఆ సాయంత్రం అందరం కలిసి వెళ్ళి చూశాం. పిట్టగోడ పగుల్లోంచి రావి మొక్క వచ్చి చెట్టయిపోయింది, దాని వేరు వరండా దూలం పక్కనుంచి కిందకి దిగి తలుపు చట్రం దాకా వచ్చింది. కింద వాటాలో ఒక టైలరు, పక్కన తాళాలు బాగుచేసే అతను, పైన ఒక ముసలావిడ ఒక్కర్తే అద్దెకుంటోంది. “వానొస్తే ఆ గదిలో పడుకోనమ్మా, మట్టి రాలుద్ది, ఇటు పక్కన పడుకుంటా” అంది. నోటీసు సంగతి ఆవిడకి తెలీనే తెలీదు, ఆవిడ వచ్చి పదకొండేళ్ళే అయింది. మనం 98లోనే ఇది కూలుతుంది అని రాసిపెట్టుకున్నాం, ఆవిడ ఆ తర్వాత వచ్చి దాని కింద కాపరం పెట్టింది, ఆ కాగితాన్ని మనం కాలం చెల్లిందని పిండి చేసేయబోయాం.

అక్కడికక్కడే నిర్ణయం మార్చుకున్నాం. శిథిల భవనం ఫైలు ఆయుష్షు ఫైలు క్లోజింగ్ తేదీ నుంచి కాదు, భవనం కూల్చిన తేదీ నుంచి లెక్కేయాలి. భవనం నిలబడి ఉన్నంతకాలం ఆ ఫైలు బతికే ఉన్నట్టు. ఇది మాన్యువల్లో రాసి ఉండదు, మేం మా ప్రొసీడింగ్స్‌లో రాసుకున్నాం. నలభై ఫైళ్ళలోని చిరునామాలూ విడదీసి వార్డు ప్లానింగ్ సెక్రటరీలకి ఇచ్చి, ప్రతి ఇంటి ముందు నిలబడి ఫోటో తీసి పంపమన్నాం. వార్డు సచివాలయాలు ఉండబట్టి ఈ పని పది రోజుల్లో అయింది, పాత రోజుల్లో అయితే ఆర్నెల్లు పట్టేది. ముప్ఫై చిల్లర చోట్ల పాత ఇల్లు పోయి కొత్త బిల్డింగు లేచింది, ఆ ఫైళ్ళు తీసేసే లిస్టులోనే ఉంచేశాం. ఆరు మాత్రం ఇంకా నిలబడే ఉన్నాయి, ఆరింటికీ కొత్తగా నోటీసులు వెళ్ళాయి, పాత నోటీసు తేదీ కూడా అందులో రాశాం. ఒకాయన నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు అని గొడవపడితే 1999లో వాళ్ళ నాన్నగారు సంతకం పెట్టి తీసుకున్న ఎక్‌నాలెడ్జ్‌మెంట్ చూపించాం, అది ఆ చెదలు తిన్న ఫైల్లోనే ఉంది. మార్కెట్ వెనకాల మేడ ఆగస్టులో దించారు. ముసలావిడకి అదే వీధిలో ఒక గది దొరికింది, టైలరు మాత్రం చాలా ఇబ్బందిపడ్డాడు, అతనికి మేం చేయగలిగింది ఏమీ లేకపోయింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఫైర్ ఎన్ఓసీ కాపీలకి కూడా ఇదే లెక్క పెట్టుకున్నాం. మన దగ్గర 18 మీటర్లు దాటిన అపార్ట్‌మెంట్లకీ, 15 మీటర్లు దాటిన కమర్షియల్ బిల్డింగులకీ, జనం గుమిగూడే హాళ్ళకీ ఎన్ఓసీ కావాలి. ఒరిజినల్ ఫైర్ డిపార్ట్‌మెంట్ దగ్గర ఉంటుంది కదా అని కాపీ పారేయొద్దు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్‌లో మంటలొచ్చి 59 మంది చనిపోయారు, ఆ కేసు నడుస్తుండగా కోర్టు రికార్డుల్లోంచి కొన్ని కాగితాలు మాయమయ్యాయి, కొన్ని చించేశారు, కొన్నిటి మీద ఇంకు పోశారు, ఆ రికార్డులు చెరిపిన నేరానికి 2021లో విడిగా శిక్షలు పడ్డాయి. ఒకచోట కాగితం పోయినా ఇంకోచోట కాపీ ఉంటే చనిపోయినవాళ్ళ తరఫున మాట్లాడడానికి ఏదో ఒకటి మిగులుతుంది. అందుకే ఎన్ఓసీ కాపీ కూడా బిల్డింగు ఉన్నంతకాలం ఉండాలి.

వరద రిజిస్టర్లు ఇంకో రకం. 1986 ఆగస్టు గోదావరి వరద, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయిన వరద, దాని షెల్టర్ రిజిస్టర్లు మా షెడ్డులో పైన అటక మీద దొరికాయి. ఎల్.డిస్ అని రాసి ఉంది, అంటే రూలు ప్రకారం 1988 నాటికే పోవాలి. లోపల ఏ వీధిలో నీళ్ళు ఏ ఇంటి ఎన్నో మెట్టు దాకా వచ్చాయో, ఎన్నింటికి ఎక్కాయో, ఎంతమందిని ఏ బడికి తరలించారో ఒక గుమాస్తా గారు ఎంత ఓపిగ్గా రాశారో, గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు 86లో మన ఊళ్ళో ఏ వార్డులు మునిగాయి అని కలెక్టరేట్ నుంచి ఫోన్లు వస్తే మేం ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగి చెప్పాం, ఈ పుస్తకం మా నెత్తి మీదే ఉంది. 1996 నవంబరు తుఫాను రిజిస్టర్లు కూడా పక్కనే ఉన్నాయి. రెండూ స్కాన్ చేయించి, ఆర్.డిస్‌కి మార్చి, రాష్ట్ర ఆర్కైవ్స్‌కి రాశాం. గడువు రాసేవాడికి ఆ రోజు ఆ కాగితం విలువ తెలియకపోవచ్చు, కాబట్టి తీసేసే ముందు ఒక్కసారి లోపల చదవాల్సిందే, మూట మీద చీటీ చూసి పక్కన పెట్టేయకూడదు.

జూలై మూడో వారానికి లిస్టు ఫైనల్ అయింది, అంతలో మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో రాత్రిపూట మంటలు లేచి రెవెన్యూ ఫైళ్ళు కాలిపోయాయి. రాష్ట్రమంతా అదే చర్చ. అంతకు కొన్నాళ్ళ ముందే కృష్ణా కరకట్ట మీద ఫైళ్ళు తగలబెట్టిన వార్తలు కూడా వచ్చాయి. ఇక మా ఊళ్ళో ఎవరైనా మున్సిపల్ ఆఫీసులో ఫైళ్ళు మూటలు కడుతున్నారంట అని అంటే చాలు, ఏమైపోతుందో ఊహించుకోండి. స్టాఫ్ అందరూ వద్దు మేడమ్, ఆపేద్దాం అన్నారు. పైగా అదే నెల ఒకటో తారీఖు నుంచి ఐపీసీ బదులు కొత్త చట్టం, బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత), అమల్లోకి వచ్చింది, సాక్ష్యం కాకుండా చేయాలని కాగితం ధ్వంసం చేస్తే సెక్షన్ 241, పాత ఐపీసీ 204 లాంటిదే. భయపడడంలో తప్పులేదు.

నేను ఆపుదామనలేదు, తలుపులు తెరిచి చేద్దామన్నాను. కమిషనర్ గారు ఒప్పుకున్నారు. తీసేయబోయే ఫైళ్ళ లిస్టు, నంబరు, సబ్జెక్టు, ఏడాది, క్లోజింగ్ తేదీతో సహా నోటీసు బోర్డు మీద నెల రోజులు పెట్టాం, కౌన్సిల్ ముందు పెట్టాం, ఎవరికైనా ఏ ఫైలైనా కావాలంటే రాసివ్వండి అన్నాం. అర్జీదారుల పేర్లు మాత్రం లిస్టులో రాయలేదు, ఆ బజ్జీ పొట్లం నా కళ్ళముందే ఉంది. పదిహేడు మంది రాశారు. అందులో ఒక రిటైర్డ్ టీచరు గారు తన ఇంటి పక్క కరెంటు స్తంభం మీద 2009లో పెట్టిన అర్జీ కావాలన్నారు, ఇంకా ఆ సమస్య తీరలేదట, ఫైలు ఇచ్చేశాం, దాన్ని మళ్ళీ తెరిచాం.

ధ్వంసం చేసే రోజు సంగతి. కాల్చకూడదు అని మొదటే నిర్ణయం. కాలిస్తే సగం కాలిన కాగితం గాలికి ఎగురుతుంది, పొగ, పైగా ఏం కాలిందో ఎవరూ నిరూపించలేరు. ముందు ట్యాగులు, పిన్నులు, ప్లాస్టిక్ కవర్లు, ల్యామినేషన్లు పీకేయాలి, ఇది రెండు రోజుల పని, పొదుపు సంఘాల ఆడవాళ్ళని పిలిచి కూలి ఇచ్చి చేయించాం. తర్వాత అద్దెకి తెచ్చిన ష్రెడ్డర్‌లో వేశాం. ఇక్కడ ఒక మాట, సన్నటి పట్టీల్లా కోసే మెషిన్ సరిపోదు, పట్టీలు అతికించి చదవొచ్చు, అడ్డంగా కూడా కోసి ముక్కలు చేసేది తీసుకోండి. ముక్కల్ని గోనెసంచుల్లో కుట్టి, కాటా వేసి, సంచి నంబర్లు రాసి, లారీతో పాటే మావాళ్ళిద్దరు మిల్లుకి వెళ్ళి గుజ్జు తొట్టిలో పడేదాకా నిలబడి వీడియో తీసుకొచ్చారు. 2 టన్నులకి కొంచెం తక్కువ. వచ్చిన డబ్బు అదేరోజు చలానా కట్టి జనరల్ ఫండ్‌లో వేశాం. డిస్ట్రక్షన్ రిజిస్టర్లో ప్రతి ఫైలుకి ఒక లైను, తీసేసిన తేదీ, ఆర్డరు నంబరు, ముగ్గురు సంతకాలు. ఆ రిజిస్టరు మాత్రం శాశ్వతం, రేపు ఎవరైనా ఆ ఫైలేదీ అంటే చూపించాల్సింది అదే.

డిసెంబరులో ఒక ఆర్టీఐ వచ్చింది, ఒక టింబర్ డిపో లైసెన్సు 2011 నాటిది కావాలని. ఫలానా తేదీన ఫలానా ఆర్డరు మీద తీసేశాం అని రిజిస్టరు పేజీ కాపీ జతచేసి మూడు రోజుల్లో జవాబు ఇచ్చాం. అంతకుముందైతే ‘ఫైలు ట్రేస్ కాలేదు’ అని రాసేవాళ్ళం, అది నిజం కూడా కాదు, అసలు వెతికేవాళ్ళమే కాదు. అడిగినాయన అప్పీలుకి పోలేదు.

ఇంకా తేలనివి రెండున్నాయి. ఒకటి, కుక్కకాటు రిజిస్టర్లు, పిల్లల పేర్లు, ఏ ఆస్పత్రిలో ఎన్ని సూదులు వేయించుకున్నారో అన్నీ ఉంటాయి, ఉంచితే వాళ్ళ వివరాలు బయటపడే ప్రమాదం, తీసేస్తే ఏ వీధిలో కుక్కలు ఎక్కువ కరుస్తున్నాయో తెలిసే ఆధారం పోతుంది. ప్రస్తుతానికి వీధి, తేదీ మాత్రం వేరే పుస్తకంలోకి ఎత్తి రాయిస్తున్నాం, అయ్యాక పాతవి తీసేద్దామని. రెండోది, సీసీ కెమెరాల హార్డ్ డిస్కులు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన పబ్లిక్ సేఫ్టీ చట్టం జనం ఎక్కువగా వచ్చే సంస్థలని ఫుటేజీ 30 రోజులు దాచమంటుంది, మా ఆఫీసు కెమెరాలకీ అదే గడువు పెట్టుకున్నాం. కొత్త ఫుటేజీ పాతదాని మీద అదే రాసుకుపోతుంది కానీ, పాడైపోయి తీసేసిన డిస్కులు మూడు బీరువాలో ఉన్నాయి. ఫార్మాట్ చేసి స్క్రాపు వాడికి ఇస్తే సరిపోదు, డేటా మళ్ళీ తీయొచ్చు, డిస్కు పళ్ళెం దాకా డ్రిల్లింగు మెషిన్‌తో బెజ్జాలు వేయాలి. ఆ మూడిట్లో ఒకదాంట్లో బస్టాండు దగ్గర యాక్సిడెంటు ఫుటేజీ ఉందని పోలీసులు లెటరు పెట్టారు, దానికి ఎర్ర ట్యాగు కట్టి ఉంది, కేసు తేలాకే మిగతా రెండిటితో పాటు దాని సంగతీ చూస్తాం.